దానయ్య కేసులో నా సాక్ష్యం

అది మొదలైంది ఫిబ్రవరి పన్నెండో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. ఇప్పటికి ఏడేళ్ళు. ఆ నిమిషం నేను గుర్తుపెట్టుకున్నది కాదు. ఒక కాగితం మీద అచ్చయి ఉంది, దాని నకలు నా పెట్టెలో ఉంది. నిన్న సాయంత్రం వాన కురిసి, పక్కింటివాళ్ళు కోళ్ళ గూటి కింద పరిచిన ఊక తడిసింది. ఈ ఉదయం కిటికీ తెరవగానే ఆ వాసన లోపలికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు సముద్రపు ఒడ్డున ఒక ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చున్నదాన్ని. ఐసు దిమ్మలు కరిగిపోకుండా అక్కడ ఊకలో కప్పి ఉంచేవారు. తడిసిన ఊక వాసన వస్తే నాకు ఒక్క మనిషే గుర్తుకు వస్తాడు. మోచేతుల దాకా ఊక అంటుకుని, ఖాకీ చొక్కా దులుపుకుంటూ వ్యాను దిగే డ్రైవరు దానయ్య. మీరు ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుండే మనిషి కాదు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఎండకు కళ్ళు చికిలించినట్టు ఉండేవాడు. నేను ఇవాళ ఏ సంగతైనా తేదీతో, నిమిషంతో సహా చెబుతానంటే అది ఆయన నేర్పిన పద్ధతి. ఆ పద్ధతితోనే నేను ఆయన్ని ఓడించాను.

నేను ఆ ఫ్యాక్టరీలో చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. భర్త పోయి ఎనిమిది నెలలైంది. మాది లోపలి పల్లెల్లో వరి, వేరుశనగ పండించుకునే ఇల్లు. చేపల వాసన మధ్య పని అంటే మావాళ్ళు ముఖం చిట్లించారు గాని, పదో తరగతి చదివిన వితంతువుకు ఇంకో పని ఎవరూ చూపించలేదు. షావుకారు నాకు గేటు రిజిస్టరు అప్పగించాడు. ఏ బండి ఎప్పుడు బయటికి వెళ్ళింది, ఎప్పుడు లోపలికి వచ్చింది, తోలింది ఎవరు, సరుకు ఏమిటి, అంతే. మొదటి రోజు ఒక లారీ హారను కొట్టగానే నేను తల ఎత్తి, డ్రైవరును చూసి, అతను నవ్వితే నేనూ నవ్వి, తరువాత గడియారం వైపు తిరిగాను. ఆ లారీ దానయ్యది. దిగి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, ముందు టైము రాయి. ఆ తరవాత తలెత్తి, వచ్చినోడు ఎవుడో సూడు. ముందు మొకం సూసినావంటే టైము మారిపోతాది" అన్నాడు.

నాకు ఆ మాట ఎగతాళిలా అనిపించింది. దాని అర్థం మరుసటి వేసవిలో తెలిసింది. జ్యేష్ఠ మాసపు ఎండలో ఆయన ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆలస్యమైతే షావుకారు సగం రోజు కూలి కోసేవాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయిన మనిషిని చూసి నేను వేళకు వచ్చినట్టే రాశాను. ఆయనకు అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. రిజిస్టరు మీదికి వంగి చూశాడు.

"ఇదేటి?"

"ఎండలో వచ్చారు కదా, అన్నయ్యా."

"ఎండ నానెరగనా? కొట్టీ. కొట్టీసి సరిగ్గా రాయి." నేను ఆగితే గొంతు పెంచాడు. "ఈ రోజు నా మీద జాలి పడతావు. రేపు ఇంకోడి మీద కోపం పడతావు. ఈ పుస్తకం నీ ఇంటి పొయ్యేటి, నచ్చినట్టు ఎగదొయ్యడానికి?"

నేను కొట్టివేసి, పక్కన పొడి సంతకం పెట్టి, సరైన టైము రాశాను. ఆయన సగం కూలి పోయింది. ఆ తరువాత ముప్పై ఏడేళ్ళలో ఆ రిజిస్టరులో నేను చేసిన కొట్టివేతలు తొమ్మిది. తొమ్మిదీ కలం జారి పడినవే. ఊళ్ళో ఎవరికైనా ఏదైనా ఎప్పుడు జరిగిందో తేలకపోతే నన్ను అడగడం అలవాటైంది. ఎవరికీ అక్కరలేని ఒక ఆడది ఊరికి అక్కరకు వచ్చింది అలాగే. అందుకు నేను దానయ్యకు రుణపడ్డానని ఎప్పుడూ ఆయనతో అనలేదు. అంటే "ఏటా మాటలు" అని కసిరేవాడు.

లారీ పోయి వ్యాను వచ్చింది. తెల్లవారి పడవలు ఒడ్డుకు రాగానే చేప వేలం అయ్యేది. తరువాత ఆయన ఐసు, చేపలు, ఆరుగురు ఆడవాళ్ళను ఎక్కించుకుని చీపురుపల్లి సంతకు తీసుకువెళ్ళి, పదిన్నర దాటాక వెనక్కి తీసుకువచ్చేవాడు. చేపల తట్టలతో బస్సు ఎక్కనివ్వరు కనుక ఆ ఆరుగురికీ దానయ్య వ్యానే ఆధారం. వాళ్ళలో పోలమ్మ నోరు పెద్దది. ఎప్పుడూ ఆయన సీటు వెనకే కూర్చునేది.

వేగం చూసే మీటరు మీద దానయ్యకు నమ్మకం లేదు. దాన్ని చూస్తే రోడ్డు మీద చూపు పోతుందనేవాడు. పాత వ్యానుకు ఎడమ తలుపు అద్దం వదులు. యాభై దాటగానే అది గలగలమనేది, ఆయన కాలు సడలించేవాడు. అద్దం బాగుచేయిస్తానని షావుకారు అంటే, "అది బాగు సేయించినావంటే నా సెవులు కోసీసినట్టే" అన్నాడు. షావుకారు కొత్త వ్యాను కొన్నాక అందులో ఏదీ గలగలమనలేదు. రెండు రోజులు ఆయన ముళ్ళ మీద ఉన్నట్టు ఉన్నాడు. చివరికి పోలమ్మ దగ్గర చిల్లు పడిన సత్తు తట్ట ఒకటి అడిగి తీసుకుని, సీటు వెనక ఇనుప చట్రానికి తీగతో వదులుగా కట్టాడు. తీగ బిగించి, సడలించి, సరిగ్గా యాభై దగ్గర అది మోగేదాకా ఫ్యాక్టరీకి, హైవేకి మధ్య తిరిగాడు.

"మావా, నా తట్టకి ఉజ్జోగం ఇప్పించినావు. నాకూ ఒకటి ఇప్పించు" అని పోలమ్మ అంటే, "నువ్వు మోగితే ఆపడం ఎవుడి తరమే?" అన్నాడు. ఆడవాళ్ళందరూ నవ్వారు. అది జరిగి ఏడాది దాటాక ఆ కాగితం వచ్చింది.

అది షావుకారు ఫోనుకు వచ్చింది, బళ్ళ రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది కనుక అచ్చు తీయించి నాకు ఇచ్చారు. హైవే మీద పోలీసుల కెమెరా తీసిన ఫోటో. అరవై దాటకూడని చోట ఎనభై ఏడు. వ్యాను నంబరు స్పష్టంగా ఉంది. షావుకారు దానయ్యను గదిలోకి పిలిచాడు. తలుపు తెరిచే ఉంది, మాటలు నా బల్ల దాకా వినబడ్డాయి. కేకలు వేయలేదు. అలసిపోయినట్టు మాట్లాడాడు.

"జరిమానా నేను కట్టేస్తాను, దానయ్యా. నీకు అరవై ఏడు. వెనక ఆరుగురు ఆడవాళ్ళు. రేపు ఏదైనా అయితే ఎవరికి సమాధానం చెప్పేది? ఇక నువ్వు దిగిపో."

"తట్ట మోగనేదు, షావుకారూ."

"ఫోటో ఉందయ్యా."

"ఫోటో ఉంటే ఉండనీ. నాను కోర్టుకి ఎల్తాను. కోర్టు తప్పంటే తాళం నీ బల్ల మీద పెట్టెత్తాను. తప్పు నేదంటే నా వ్యాను నాకుండాల."

షావుకారు సరే అన్నాడు. భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు. తెల్లవారి ఆ వ్యాను తోలడం తప్ప ఆయనకు ఇంకో రోజు అంటూ లేదు. ఆయన పందెం కట్టింది తన రోజులన్నింటినీ అని షావుకారుకూ తెలుసు, నాకూ తెలుసు.

గదిలోంచి బయటికి వచ్చి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఆ రోజు నాను ఎన్నింటికి గేటులోకి వచ్చినాను?" అన్నాడు. రిజిస్టరు తీశాను. పదకొండు గంటల యాభై నిమిషాలు. కెమెరా ఉన్న చోటు నుంచి గేటుకు పద్నాలుగు కిలోమీటర్లు, నాకు తెలుసు. ముప్పై నిమిషాల్లో పద్నాలుగు అంటే గంటకు ఇరవై ఎనిమిది. దారిలో ఇద్దరు ఆడవాళ్ళను దించిన నాలుగు నిమిషాలు తీసేసినా ముప్పై మూడు రాదు. ఎనభై ఏడుతో పరుగెత్తిన మనిషి ముప్పై నిమిషాలు ఎందుకు తీసుకుంటాడు? కాగితం మీద గుణించి, భాగించి, ఆయనకు చూపించాను.

"అన్నయ్యా, కేసు మీదే" అన్నాను. నా జీవితంలో లెక్క పూర్తిగా చూడకుండా అన్న మాట అదొక్కటే.

"వకీలు గావాలంటావా?"

"ఎందుకు? ఈ పుస్తకం చాలు."

ఆయన జరిమానా కట్టలేదు. కేసు కోర్టుకు వెళ్ళింది. వాయిదా ఆగస్టు ఆరో తేదీకి పడింది, అదీ మంగళవారమే. సరిగ్గా ఇరవై అయిదు వారాలు. ఆ ఇరవై అయిదు వారాలూ ఆయన వ్యాను తోలాడు. నేను ప్రతి రోజూ ముందు టైము రాసి, తరువాత తల ఎత్తి ఆయన్ని చూశాను.

ఆ రోజు ఉదయం విజయనగరానికి బస్సులో వెళ్ళాం. దానయ్య, నేను, తోడుగా పోలమ్మ. రిజిస్టరు తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని, పిలుపు ఎప్పుడు వస్తుందోనని లోపలికి చూశాను. గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. నా చేతి వాచీలో పది ముప్పై అయిదు. కోర్టు గడియారం వెనకబడి ఉందని అనుకుని, ఎదురుగా నిలబడ్డ ఒకాయన్ని టైము అడిగాను. ఆయన ఫోను చూసి పది ఇరవై అన్నాడు.

మళ్ళీ నా వాచీ చూసుకున్నాను. మా ఫ్యాక్టరీ గడియారం పావుగంట ముందుకు పెట్టి ఉంటుంది. వేలం దగ్గర బేరాలాడుతూ ఆడవాళ్ళు వ్యాను దగ్గరికి ఆలస్యంగా వస్తున్నారని, నేను చేరకముందే షావుకారు తండ్రి అలా పెట్టించాడు. అది అందరికీ తెలుసు. అందరికీ ఎంతగా తెలుసంటే, అది ముందుకు ఉందని ఎవరూ అనుకోవడం మానేశారు. నా వాచీ కూడా దాన్ని చూసే తిప్పుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళలో నా రిజిస్టరును నా రిజిస్టరుతోనే సరిచూసుకున్నాను గాని, గేటు బయట ఇంకొకరి గడియారంతో సరిచూడవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు. తనతో తాను పోల్చుకునే పుస్తకం ఎప్పుడూ తప్పు చూపించదు. నేను లెక్కల మనిషినని పేరు పడ్డదాన్ని. ఆ పావుగంట నాకు తట్టలేదు.

"అన్నయ్యా, గేటు గడియారం పావుగంట ముందు" అన్నాను. ఆయన విననట్టు చూశాడు. చెవి దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పాను. "మీరు వచ్చింది పదకొండు యాభైకి కాదు. పదకొండు ముప్పై అయిదుకి."

"ఐతే అదే సెప్పు."

"చెబితే లెక్క తిరగబడుతుంది. మీరు వేగంగా వచ్చినట్టే అవుతుంది. లోపలికి వెళ్ళి తప్పు ఒప్పుకుని కట్టేద్దాం. షావుకారుతో నేను మాట్లాడతాను."

ఆయన నవ్వాడు. "నానేటి దొంగనా? నాను తోలింది నాకు తెల్దేటి? నువ్వు ఉన్నది ఉన్నట్టు సెప్పు, అమ్మాయ్. గడియారం ఎంత ముందుంటే నాకేటి? నా తట్ట మోగనేదు."

పోలమ్మ మా పక్కనే ఉంది. ఏ మాటకైనా అడ్డు తగిలే మనిషి ఆ మాటకు తల వంచుకుని చీర అంచు చుట్టుకుంటూ కూర్చుంది. అది నేను చూశాను. ఎందుకో అడగలేదు.

బంట్రోతు ఆయన పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి నేను భుజం తట్టి లేపాను. మేజిస్ట్రేటు చిన్న వయసు ఆడమనిషి. విసుగు లేకుండా అడిగింది. దానయ్య చేతులు కట్టుకుని తట్ట సంగతంతా చెప్పాడు. వెనక ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. "తట్టను సాక్షిగా పిలవలేం కదా, తాతా. ఇంకేమైనా ఉందా?" అంది. ప్రశ్న ఆయనకు అందలేదు. బంట్రోతు గట్టిగా చెప్పాక నా వైపు చూపించాడు.

నేను రిజిస్టరు విప్పి ఆ పేజీ చూపించాను. ఆమె ముందు వెనక పేజీలు కూడా తిప్పి చూసింది. కొట్టివేతలు లేవు. కాగితం మీద తనే లెక్క వేసుకుంది. "ఇరవై ఎనిమిది" అంది, ఆలోచనలో పడ్డట్టు. పోలీసుల తరఫు మనిషి ఫోటో మళ్ళీ ముందుకు జరిపాడు. ఆమె దాన్నీ, నా పేజీనీ మార్చి మార్చి చూసింది.

"ఇంకేమైనా చెప్పాలా, అమ్మా?" అని నన్ను అడిగింది.

గడియారం గురించి అక్కడ ఎవరూ అడగలేదు. "లేదండీ" అని ఊరుకుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. గెలిచేవాళ్ళమని కాదు, ఓడిపోవడం మాత్రం అప్పటికి ఖాయం కాలేదు. దానయ్య వైపు చూశాను. ఆయన ధీమాగా తల ఊపాడు. నేను చెప్పాను. గడియారం పావుగంట ముందు అని, కనుక వచ్చింది పదకొండు ముప్పై అయిదుకు అని, పద్నాలుగు కిలోమీటర్లకు పట్టింది పదిహేను నిమిషాలని, అందులో నాలుగు నిమిషాలు ఆగి ఉన్నవేనని. ఆమె కలం కదలడం ఆగింది. మిగిలిన పదకొండు నిమిషాలకు లెక్క వేస్తే డెబ్బై ఆరు. ఊళ్ళ మధ్య, మిట్టలున్న రోడ్డు మీద. ఆ అంకె కూడా అడగకుండా నేనే చెప్పాను.

"నిజం చెప్పారు" అంది ఆమె, కొంచెం బాధగానే. జరిమానా ఖాయం చేసింది. అప్పుడు కోర్టు గడియారంలో పదకొండు యాభై రెండు.

బయటికి వచ్చాక దానయ్యకు నా మీద కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది. "ఆ కెమెరా పాడైపోనాదేమో. నీ గడియారం ఇరవై నిమిషాలు ముందేమో, పది నిమిషాలేమో" అని తనకు తానే చెప్పుకుంటున్నాడు. మెట్ల కింద ఆగి, "ఒసే పోలీ, నువ్వు నా ఎనకే కూకున్నావు కదేటే. తట్ట మోగినాదా? సెప్పు ఈ అమ్మాయికి" అన్నాడు.

పోలమ్మ మెల్లగా ఏదో అంది.

"ఏటీ?"

"మోగినాది, మావా!" ఈసారి అరిచినట్టే అంది. "హైవే ఎక్కిన కాడి నుంచి మోగుతానే ఉన్నాది. ఆ రోజొక్కటే కాదు. శానా నెలలై మోగుతానే ఉన్నాది. మావోయ్, నెమ్మది అని మేం కేకలేత్తే నువ్వు ఇనిపించుకోనేదు. మా మీద కోపం గావాల అనుకున్నాం. ఆ తరవాత తెలిసిపోనాది."

"తెలిస్తే నాకు సెప్పొద్దా?"

"సెప్తే నిన్ను దింపెత్తారు. నిన్ను దింపెత్తే మమ్మల్నీ మా తట్టల్నీ ఎక్కించుకునేదెవుడు?" అని ఏడ్చింది.

మాకు నాలుగు అడుగుల దూరంలో, రేకుల పందిరి కింద, అర్జీలు రాసేవాళ్ళు ఆరుగురు వరసగా కూర్చుని టైపు మిషన్లు కొడుతున్నారు. దానయ్య వాళ్ళ వేళ్ళను చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"అమ్మాయ్, ఆ మిషన్లు సప్పుడు సేత్తన్నాయా?"

"చేస్తున్నాయి, అన్నయ్యా."

"పెద్ద సప్పుడేటి?"

నేను తల ఊపాను. ఆయన సరే అన్నట్టు తల ఊపి, బస్సు స్టాండు వైపు నడిచాడు. ఫ్యాక్టరీకి చేరాక షావుకారు అడగకముందే తాళం బల్ల మీద పెట్టాడు. వ్యానులోకి ఎక్కి, తీగ విప్పి, తట్ట పోలమ్మకు ఇస్తూ, "నీ తట్టకీ ఉజ్జోగం పోనాదే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎనభై ఏడు వేగంతో, వెనక ఆరుగురిని పెట్టుకుని, ఏమీ వినబడకుండా ఎన్ని ఉదయాలు తోలాడో ఆయన లోపల లెక్క వేసుకుంటున్నాడని నాకు అనిపించింది. ఆ తరువాత ఎవరు ఏ బండి ఎక్కమన్నా, ఆటో అయినా, ఎక్కేముందు ఒక క్షణం ఆగేవాడు.

మరునాడు నేను షావుకారును గడియారం సరిచేయించమని అడిగాను. ఇన్నేళ్ళ అలవాటు మార్చితే ఎవరూ వేళకు రారని ఒప్పుకోలేదు. ఆ నెలాఖరుకు నేను మానేశాను. వారానికి ఒకసారి దానయ్య ఇంటికి వెళ్ళేదాన్ని. అరుగు మీద కూర్చునేవాళ్ళం. నేను చెప్పేది ఆయనకు సగమే అందేది, మిగతా సగం నా ముఖం చూసి తెలుసుకునేవాడు. ఒకసారి, "నువ్వు సెప్పింది సరైన పనే. నువ్వు అలా సెప్పి ఉండకపోతే ఎవుడో ఒకడు నా బండి కింద పడిపోయేవోడు" అన్నాడు. ఊరడించడానికి అన్నాడని అనుకోను, ఆయనకు అలాంటి అలవాటు లేదు. అయినా నాకు ఊరట కలగలేదు. ఆ రిజిస్టరులో ప్రతి వరస చివర ఒక ఖాళీ గడి ఉంటుంది. పైన "విశేషాలు" అని అచ్చు వేసి ఉంటుంది. బండి టైరు పేలితేనో, సరుకు పాడైతేనో అందులో రాసేదాన్ని. ఆ కాగితం రావడానికి ముందే కొన్ని నెలలుగా నేను గేటు దగ్గర పిలిస్తే ఆయన ఒకసారికి పలకడం లేదు. ఇంజను మోతేమో అనుకున్నాను. ఇంజను ఆపాక పిలిచినా పలకని రోజులు ఉన్నాయి. ఆ గడి ఖాళీగానే వదిలాను. వేళలు తప్పు రాయకపోవడమే నిజాయితీ అనుకున్నాను. కళ్ళ ముందున్న మనిషి గురించి రాయవలసింది రాయకపోవడం కూడా అబద్ధమేనని నాకు ఎవరూ నేర్పలేదు. ఆయనా నేర్పలేదు. అది ఒక్కటి నేను సొంతంగా నేర్చుకున్నాను, ఆలస్యంగా.

పోయినవి ఇవి. దానయ్యకు వ్యాను, నలభై ఏళ్ళకు పైగా చేసిన పని, తరువాత పదిహేడు నెలలకు ప్రాణం. ఆరుగురు ఆడవాళ్ళకు చీపురుపల్లి సంత, తట్టలతో సహా ఎక్కించుకునే ఇంకో డ్రైవరు వాళ్ళకు దొరకలేదు. అందులో ముగ్గురు చేపల వ్యాపారమే మానుకున్నారు, పోలమ్మ వాళ్ళలో ఒకతె. నాకు ఉద్యోగం, ఒక అన్న. ఇక ఆయన్ని నేను రెండోసారి పిలవవలసి వచ్చిన రోజులు. అవి ఎన్నో నేను రాసిపెట్టలేదు.